ఎవరూ కాదనకపోతే

సెప్టెంబరు 12, శుక్రవారం

ఈ నోటుబుక్కు మూలమీది కొట్లో కొన్నాను. ఫ్రెంచిలో అడగడానికి సిగ్గేసి వేలితో చూపించాను. కొట్టు ముసలాయన నన్ను మూగదాన్ననుకున్నట్టున్నాడు, ధర కాగితం మీద రాసి చూపించాడు. నేనూ మూగదానిలాగే తలూపి వచ్చేశాను.

బ్రసెల్స్ వచ్చి పదమూడు నెలలైంది. మా దేశపు రాయబార కార్యాలయం పై అంతస్తులో మాకు రెండు గదులిచ్చారు. కింద కిటికీ లేని గదిలో మా ఆయన ఇండులిస్ పని చేస్తాడు. రాజధాని నుంచి వచ్చే రహస్య కాగితాలు అందుకుని రాయబారి గారికి ఇవ్వాలి. ఆవిడ రాసినవి పంపాలి. అన్నిటినీ ఇనప బీరువాలో వరసగా పెట్టి తాళం వెయ్యాలి. సైన్యంలో వైర్‌లెస్ పని చేసినవాడు కాబట్టి ఈ ఉద్యోగం వచ్చింది. నేను కాఫీలు కాస్తాను. విందులున్నప్పుడు వడ్డిస్తాను.

నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. అమ్మ పోయాక ఆవుల్ని చూసే మనిషి లేక. తర్వాత రెండేళ్ళు మా ఊరి పక్కన అమెరికా వాళ్ళ కాంపు కాంటీన్‌లో పళ్ళేలు కడిగాను. ఇంగ్లీషు అక్కడే వచ్చింది. మాట్లాడను. అర్థమవుతుంది.

ఇక్కడ విన్నది ఇక్కడే మర్చిపోవాలి అంటాడు ఇండులిస్. మర్చిపోవడం నాకు చేతకాదు. నోరు విప్పి చెప్పడం అసలే చేతకాదు. అందుకని ఇది. బార్లీ డబ్బాలో దాస్తాను.

సెప్టెంబరు 15, సోమవారం

పేరా ఏడు, పేరా ఏడు. మెట్లమీదా అదే మాట, కారు దగ్గరా అదే మాట. ఇండులిస్ బూట్లు విప్పుతూ కొంచెం చెప్పాడు, ఎవరితోనూ అనకు అంటూనే. నేనెవరితో అంటాను?

వచ్చే నెల మా కూటమిలోని అన్ని దేశాల నాయకులూ ఇక్కడికి వస్తారట. వాళ్ళు చదవబోయే ప్రకటనని రాయబారులు ఇప్పటినుంచే రాస్తున్నారు. ముప్ఫై దేశాలు, ఒక్క కాగితం. అందులో ఏడో పేరా మా ఊరి గురించి. పుర్వాలా అని పేరు ఉండదు. తూర్పు సరిహద్దు శిబిరాలు అని ఉంటుంది. మా ఊరికి రెండు కిలోమీటర్లలో కాంపు. పదకొండు కిలోమీటర్లలో సరిహద్దు. కాంపులో ఎనిమిది వందలమంది అమెరికా సైనికులున్నారు. వాళ్ళని అమెరికా వెనక్కి తీసుకుపోతానంటోంది. ఐరోపా దేశాలు కలిసి ఒక సేన పెట్టుకుంటాం, మేమే కాపలా కాస్తాం అంటున్నాయి. ఆ సేన ఇంకా కాగితం మీదే ఉంది.

మా రాయబారి శ్రీమతి స్ట్రౌటా ఒక్కటే పట్టు పట్టారు. కొత్త సేన వచ్చి చేరేదాకా పాత సేన కదలకూడదు. ఆ చేరేదాకా అన్న మాట ఇప్పుడు బ్రాకెట్లలో ఉందట. అందరూ ఒప్పుకున్న మాటలు బయట, తగువులో ఉన్నవి బ్రాకెట్ల లోపల. సంతలో బేరం తెగని దూడని వేరే కంచెలో కట్టేస్తారు కదా, అలాగన్నమాట.

మా నాన్నా, అన్నయ్యా, పదకొండు ఆవులూ ఆ కంచెలో ఉన్నట్టు అనిపించింది.

సెప్టెంబరు 18, గురువారం

ఈరోజూ బ్రాకెట్లు తియ్యలేదు.

సెప్టెంబరు 21, ఆదివారం

మధ్యాహ్నం నాలుగింటికి ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ అయిదు, పాలు పితికే వేళ. తాలిస్ అన్నయ్య ఎత్తాడు. ఏమే బ్రసెల్స్ దొరసానీ, మంత్రులకి చారు పోస్తున్నావా, మా మీద కూడా రెండు చుక్కలు చల్లమను అన్నాడు. వాడి వెనకనుంచి నాన్న, ఆ పిల్లతో తర్వాత వాగుదువు, ఎర్రావు తన్నేస్తోంది, రారా అని అరుస్తున్నాడు.

అమెరికా వాళ్ళు సర్దుకోవడం అప్పుడే మొదలుపెట్టారట. బాస్కెట్‌బాల్ స్తంభం ఊరి బడికి ఇచ్చేశారు. ఇల్లు ఖాళీ చేసేవాడు పిల్లిని పక్కింటివాళ్ళకి ఇచ్చినట్టుంది అన్నాడు అన్నయ్య. వాడు ట్రాక్టర్లు బాగుచేస్తాడు. ఊరి రక్షక దళంలో కూడా ఉన్నాడు, శనివారాలు తుపాకి పట్టుకుని అడివిలో తిరుగుతారు. నవంబరు నుంచి ఆ దళాన్ని కాంపులో ఉండమన్నారట. నలభై ఆరుమందిమి చెల్లీ, ఎనిమిది వందల మంచాలు, ఒక్కొక్కడు ఎటు దొర్లినా పదిహేడు మంచాల దాకా పడడు అని నవ్వాడు.

ఎన్నాళ్ళు అని అడిగాను. అది నువ్వు చెప్పాలి, నువ్వే కదా పెద్దవాళ్ళ దగ్గరున్నావు అన్నాడు.

సెప్టెంబరు 24, బుధవారం

రాయబారి గారింట్లో విందు. ముగ్గురే అతిథులు: ఫ్రెంచి రాయబారి, జర్మన్ రాయబారి, అమెరికా నుంచి ఒకావిడ. పొగబెట్టిన ఈల్ చేప, బేకన్ వేసిన బఠాణీలు, రై రొట్టె, సోపు గింజల జున్ను. మన తిండి పెడితే మన మాట గుర్తుంటుంది అన్నారు రాయబారి గారు వంటింట్లో. తిండి మాత్రం బాగా గుర్తు పెట్టుకున్నారు. ఈల్ మొత్తం అయిపోయింది.

నేను పళ్ళెం పట్టుకుని నిలబడితే వాళ్ళకి కుర్చీతో సమానం. అందుకని అన్నీ విన్నాను.

ఫ్రెంచాయన అంటాడు, ఉమ్మడి సేనకి సేనాపతి మావాడు కావాలి, ఫిరంగులు ఐరోపాలో చేసినవే కొనాలి. జర్మన్ ఆయన, ఐరోపా అంటే మీ ఊరొక్కటేనా, మా దగ్గరా కొలుములున్నాయి అన్నాడు. అమెరికా ఆవిడ చాకుతో జున్ను కోసుకుంటూ, మీరు కొలుములు వెలిగించేలోపు మా గోదాముల్లో సరుకు సిద్ధంగా ఉంది, దేనితో కాలుస్తారన్నది కాదు, ఎప్పుడు కాలుస్తారన్నది చూసుకోండి, మా ఓడ మాత్రం నవంబరు అయిదుకి బుక్ అయిపోయింది, అది బ్రాకెట్ల కోసం ఆగదు అంది. ఫ్రెంచాయన, మీ ఓడలు వచ్చేటప్పుడు ఎప్పుడూ ఆలస్యం, పోయేటప్పుడే ముందు బుక్ చేస్తారు అన్నాడు. ప్రపంచ యుద్ధంలో అప్పుడు ఇల్లు మీ చేతిలో లేదు కదండీ, తలుపు తీసే దిక్కులేక ఆలస్యమైంది అంది ఆవిడ. అందరూ నవ్వారు. జర్మన్ ఆయన కొంచెం తక్కువ నవ్వాడు.

మా రాయబారి నవ్వలేదు. ఓడ నవంబరులో పోతే, మీ సేన ఎప్పుడొస్తుంది అని అడిగారు. జర్మన్ ఆయన మే నెల అన్నాడు. అదీ వాళ్ళ పార్లమెంటు ఒప్పుకుంటే. ఫ్రెంచాయన, సేనాపతి సంగతి తేలితే అన్నాడు. మరి నవంబరుకీ మేకీ మధ్య అక్కడ ఎవరుంటారు అన్నారావిడ.

శీతాకాలం కదా అన్నాడు జర్మన్ ఆయన, ఎంతో ఓదార్పుగా. ఆ మంచులో, ఆ బురదనేలలో ఎవడు కదులుతాడు అన్నాడు. అందరూ అవునన్నారు.

నా చేతిలో బఠాణీల గిన్నె ఉంది. మా ఊరికీ సరిహద్దుకీ మధ్య పెద్ద బురదనేల. వేసవిలో కాలుపెడితే మనిషి మొలలోతు దిగిపోతాడు. శరదృతువులో కుక్క కూడా దాటదు. జనవరిలో గడ్డకడుతుంది. అప్పుడు మా నాన్న ట్రాక్టరు వేసుకుని అడ్డంగా అవతలకి పోయి ఎండుగడ్డి బండి లాక్కొస్తాడు. ఏడాది మొత్తంలో దారి ఉండేది శీతాకాలంలోనే. ఆ బల్లచుట్టూ ఉన్నవాళ్ళలో అది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

జర్మన్ ఆయన పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టి, థాంక్యూ, చాలు అన్నాడు. పక్కకి జరిగాను.

సెప్టెంబరు 25, గురువారం

ఇండులిస్‌కి బురదనేల సంగతి చెప్పాను. రాయబారి గారికి చెప్పు అన్నాను. చొక్కా గుండీలు పెట్టుకుంటూ నవ్వాడు. కోపంగా కాదు. ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా ఈ పనిలో ఉంది, ఆవిడకి తెలియని బురదా అన్నాడు. మరి నిన్న అనలేదే అన్నాను. నేను కాగితాలు మోసేవాణ్ణి ఔస్మా, అడిగితే చెప్తాను, అడక్కుండా ఎలా చెప్పను అన్నాడు.

నన్నూ ఎవరూ అడగలేదు.

సెప్టెంబరు 30, మంగళవారం

బేరం తెగింది. మా మాట తప్ప అన్నీ కుదిరాయి. మొదటి రెండేళ్ళు ఫ్రెంచి సేనాపతి, తర్వాత జర్మన్. ఫిరంగులు చెరిసగం. అమెరికా వస్తువులు కూడా కొంటామని ఒక వాక్యం. చిరకాల స్నేహం అన్న మాట రెండుచోట్ల. ఇన్ని కుదిరాక మిగిలిన ఒక్క బ్రాకెట్టునీ ఎవరో తీసేశారు. చేరేదాకా పోయి, సకాలంలో అని వచ్చింది. కొత్త సేన సకాలంలో చేరుతుంది. ఎవరి కాలంలో?

దీన్ని ఇప్పుడు మౌనంలో పెట్టారట. నాకు అర్థం కాలేదు. ఇండులిస్ రొట్టె ముక్క బల్లమీద పెట్టి చూపించాడు. ఇదీ కాగితం. అందరికీ పంపేశారు. శుక్రవారం పన్నెండు గంటల్లోపు ఏ ఒక్క దేశమైనా కాదు అని ఒక్క ముక్క రాస్తే ఆగిపోతుంది. ఎవరూ కాదనకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. చెయ్యెత్తక్కర్లేదు, సంతకం అక్కర్లేదు. ఇక్కడ సగం పనులు అలాగే జరుగుతాయట.

మనలాంటి చిన్న దేశం రాసినా ఆగుతుందా అన్నాను. ఆగుతుంది అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఇంత పెద్దవాళ్ళ ఆటలో ఇలాంటి నియమం ఉందని తెలియదు.

అందులోనే చిక్కుంది అన్నాడు. పోయినేడాది ఇలాగే ఒక కాగితాన్ని మావాళ్ళు ఒకరోజు ముందే కాదన్నారు. అంతే, ప్రధానమంత్రికి ఫోన్ల మీద ఫోన్లు. సాయంత్రానికి సరే అనేశారు. అందుకని ఈసారి కాదనేది ఆఖరి అయిదు నిమిషాల్లోనే. ఫోన్ ఎత్తి బెదిరించే వ్యవధి ఎవరికీ ఇవ్వకుండా.

అక్టోబరు 2, గురువారం

రోజంతా రాజధాని నుంచి రహస్య తంతి సందేశాలే. ఇండులిస్ పైకి భోజనానికి కూడా రాలేదు, నేనే డబ్బాలో తీసుకెళ్ళి తలుపు దగ్గర ఇచ్చాను. అక్కడ మంత్రులు రెండు జట్లుగా చీలిపోయారట. కాదంటే అమెరికా మనకి ఇస్తానన్న క్షిపణులు ఆపేస్తుందని ఒకళ్ళు, ఊరుకుంటే ఆర్నెల్లు దేశం తలుపు తెరిచి పడుకున్నట్టేనని ఇంకొకళ్ళు.

మెట్లమీద రాయబారి గారు, ఆవిడ సహాయకుడు రెనార్స్ ఎదురయ్యారు. రేపు ఒంటిగంటకి అయిదు నిమిషాల ముందు, ఒక్క నిమిషం ముందు కూడా వద్దు అంటున్నారావిడ. రెనార్స్ తన గదిలో తెల్లబోర్డు మీద 13.00 అని పెద్దగా రాసి కింద రెండు గీతలు గీశాడు.

మొన్న పన్నెండన్నాడు కదా ఇండులిస్. గడువు పొడిగించారేమో. వీళ్ళు రోజూ ఏదో ఒకటి పొడిగిస్తూనే ఉంటారు.

అక్టోబరు 3, శుక్రవారం, ఉదయం 7

కాదనమని రాత్రే తీర్మానించారట! ఇండులిస్ గడ్డం గీసుకుంటూ ఈల వేస్తున్నాడు. పూలమొక్క అనుకుని నీళ్ళు పోశాడు, మాకు పూలమొక్క లేదు, అది ఉల్లిపాయ మొలక. నేనూ నవ్వాను. అన్నయ్యకి ఫోన్ చెయ్యాలనిపించింది. చెయ్యకూడదు.

అక్టోబరు 3, సాయంత్రం

వరసగా రాస్తాను.

పదకొండున్నరకి కాఫీ తెమ్మన్నారు. రాయబారి గారి గదిలో ముగ్గురున్నారు. ఇండులిస్ తన యంత్రాన్ని అక్కడికే తెచ్చి పెట్టుకున్నాడు. తెరమీద ఒక్క వాక్యం. మా దేశం మౌనాన్ని విరుస్తోంది. ఇక నొక్కడమే తరువాయి. పెళ్ళికి ముందు పెళ్ళివారి గదిలా సందడిగా ఉంది. రాయబారి గారు రెనార్స్‌ని ఆటపట్టిస్తున్నారు, నువ్వు మీ ఆవిడకి కాదని ఎప్పుడైనా చెప్పావా, ఇవాళ ప్రాక్టీసు చేసుకో అని. నాకు చెప్పే అవకాశం ఎక్కడిస్తుందండీ అంటున్నాడతను.

నేను కప్పులు పెడుతుంటే గోడ గడియారం పన్నెండుకి పది నిమిషాలు చూపిస్తోంది. పన్నెండు అన్న అంకె చూడగానే మంగళవారం నాటి రొట్టె ముక్క గుర్తొచ్చింది. ఇండులిస్ పన్నెండనే అన్నాడు. నాకు బాగా గుర్తు. అడుగుదామా? ఏమని అడగను? ఒంటిగంటా, పన్నెండా అండీ అనా? ముప్ఫై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్న మనిషిని, పళ్ళేలు కడిగినదాన్ని నేను?

నా పెదవులు కదిలాయేమో. రాయబారి గారు తలెత్తి, ఏంటమ్మా ఔస్మా, ఏదో అనబోయావు అన్నారు.

పంచదార వెయ్యమంటారా అన్నాను.

ఆవిడ పంచదార వేసుకోరు. పదమూడు నెలలుగా కాఫీ పోస్తున్నాను, నాకు తెలుసు. ఆవిడ నవ్వి, ఇవాళ వెయ్యి, రెండు చెంచాలు వెయ్యి అన్నారు.

వేశాను. తలుపు పక్కన నిలబడ్డాను. చర్చి గంటలు పన్నెండు కొట్టాయి. ఎవరూ తలెత్తలేదు. రెనార్స్ తన కొత్త బూట్లు కరుస్తున్నాయని చెబుతున్నాడు.

నాలుగు నిమిషాల తర్వాత యంత్రం చిన్నగా మోగింది. ఇండులిస్ చదివాడు. మళ్ళీ చదివాడు. తర్వాత పైకి చదివాడు. గడువు ముగిసింది. ఎవరూ మౌనం విరవలేదు. ప్రకటన ఆమోదమైంది. అందరికీ ధన్యవాదాలు.

ఇంకా గంట ఉంది కదా, వాళ్ళెవరో పొరపడ్డారు, నేను ఫోన్ చేస్తాను అన్నాడు రెనార్స్. రాయబారి గారు అతన్ని చేత్తో ఆపారు. మంగళవారం వచ్చిన అసలు కాగితం పట్రా అన్నారు ఇండులిస్‌తో. అతను కిందికి పరిగెత్తి బీరువా తీసి తెచ్చాడు. ఆవిడ నిలబడి చదివారు. అందులో 12.00 అని ఉంది. బ్రసెల్స్ సమయం అని కూడా ఉంది.

మా రాజధాని గడియారం ఇక్కడికంటే గంట ముందుంటుంది. ఇక్కడి పన్నెండు అక్కడ పదమూడు. అక్కడెవరో తమ గడియారం ప్రకారం 13.00 అని రాసుకున్నారు. రెండు రోజులపాటు తంతి తర్వాత తంతిలో అదే వచ్చింది. చదివి చదివి అందరి నోటా అదే అయింది. అసలు కాగితం బీరువాలో ఉంది.

రాయబారి గారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. కూర్చున్నారు. ఆ తియ్యటి కాఫీ మొత్తం తాగేశారు. చుక్క మిగల్చలేదు.

అక్టోబరు 4, శనివారం

ఇండులిస్ ఏమీ తినలేదు. నేనూ.

అక్టోబరు 9, గురువారం

ఆ గంట సంగతి ఎవరికీ తెలియనివ్వకూడదని పైనుంచి ఆజ్ఞ. రాయబారి గారు ఆ శుక్రవారమే కూటమి కార్యాలయానికి వెళ్ళి బతిమాలారట. ఆమోదమైనదాన్ని తిరిగి తెరవాలంటే ముప్ఫై దేశాలూ సరేననాలి అన్నారు. ఈలోపు అమెరికా ఆవిడ మా ప్రధానమంత్రికి ఫోన్ చేసి, మీ పెద్దమనసుకి కృతజ్ఞతలు అందట. గడియారం చూసుకోలేదండీ అని ఏ ప్రధానమంత్రి చెప్పుకుంటాడు? ఐక్యత కోసం మేము ఒప్పుకున్నాం అని ప్రకటించేశారు.

నాయకులు చేతులు కలుపుతున్న ఫొటో నిన్న టీవీలో చూపించారు. మా ప్రధానమంత్రి అంచున ఉన్నాడు. అందరికంటే ఎక్కువ నవ్వుతున్నాడు.

బయటికి చెప్పకపోయినా లోపల ఎవరో ఒకరు తప్పు చేసి ఉండాలి కదా. అసలు కాగితం ఎవరి దగ్గరుంది? ఇండులిస్ దగ్గర. గడువు రోజున దాన్ని బయటికి తీసి చూపించడం అతని పని అని ఏదో నియమం పుస్తకంలో దొరికింది. సంతకం పెట్టించుకున్నారు. ఈ నెలాఖరుతో ఇక్కడి ఉద్యోగం అయిపోయింది. తిరిగి యూనిఫాం. ఎక్కడికి పంపుతున్నారో కూడా కాగితంలో ఉంది. పుర్వాలా శిబిరం, వైర్‌లెస్ గది.

సాయంత్రం రాయబారి గారు మా గదికి వచ్చారు. ఎప్పుడూ రాలేదు. కుర్చీ చూపిస్తే మంచం అంచున కూర్చున్నారు. నేను ఒక్కసారి, ఒక్కసారి ఆ కాగితం పట్రా అని ఉంటే చాలు కదమ్మా అన్నారు. లేచి వెళ్ళిపోయారు.

అక్టోబరు 12, ఆదివారం

చెప్పేశాను. బట్టలు మడతపెడుతూ, అతని మొహం చూడకుండా. నాకు పన్నెండని గుర్తుంది, అడుగుదామనుకున్నాను, పంచదార అన్నాను అని.

తిడతాడనుకున్నాను. చాలాసేపు సూట్‌కేసు జిప్పుతో కుస్తీ పట్టాడు. తర్వాత అన్నాడు, గురువారం పొద్దున 13.00 అని మొదటి తంతి వచ్చినప్పుడే నాకు తేడా తెలిసింది ఔస్మా. పొడిగించి ఉంటారు, పెద్దవాళ్ళకి తెలియదా అనుకున్నాను.

రెనార్స్ కూడా అలాగే అనుకున్నాడేమో. అడగలేదు. అడిగేలోపు అతన్ని ఎక్కడికో బదిలీ చేశారు.

నవంబరు 6, గురువారం

ఇంటికొచ్చాం. ఎర్రావు నన్ను గుర్తుపట్టింది.

ఓడ నిన్ననే వెళ్ళిపోయింది.

నవంబరు 19, బుధవారం

కాంపులో నలభై ఆరుమంది, ఇండులిస్‌తో నలభై ఏడు. వాళ్ళ సార్జెంటు క్రౌక్లిస్‌కి ఒక ఉపాయం తట్టింది. సరిహద్దు అవతలినుంచి రోజూ పదింటికి ఒక డ్రోన్ వస్తుంది. కాంపు మీద తిరిగి వెళ్ళిపోతుంది. అవతలివాడు మనల్ని లెక్కపెట్టుకుంటున్నాడు, వాడికి లెక్క చూపిద్దాం అన్నాడట. అన్ని బ్యారక్‌లలో పొయ్యిలు రాజేసి పొగ వదులుతున్నారు. ట్రక్కుల్ని రోజుకో చోట నిలబెడుతున్నారు. అమెరికా వాళ్ళు వదిలేసిన పాత చొక్కాలు గోదాములో గుట్టలుగా ఉంటే, వాటిని తాళ్ళమీద ఆరెయ్యడానికి ఊళ్ళో ఆడవాళ్ళని పిలిచారు. ఎనిమిది వందలమంది ఉన్నచోట ఉతికిన బట్టలుండాలి కదా.

నేనూ, పక్కింటి జెల్మా పిన్నీ, ఇంకో నలుగురం. ఉదయం ఎనిమిదికి ఆరేస్తాం, మూడింటికి తీస్తాం. రోజుకి రెండు వందల చొక్కాలు. జేబులమీద పేర్లు ఇంకా ఉన్నాయి. రూయిజ్. టటిల్. ఒకోరో.

జెల్మా పిన్నికి డెబ్బై దాటాయి. టటిల్ చొక్కా భుజాలు పట్టుకుని, మొగుడంటే ఇలాంటివాడే, తాగడు, గురకపెట్టడు, ఎక్కడ తగిలిస్తే అక్కడ ఉంటాడు అని ఊపింది. అవతలివాళ్ళు చూస్తే నీకు పెళ్ళయిందనుకుంటారు పిన్నీ అన్నాను. అనుకోనీవే, వాళ్ళలో ఒకడైనా అసూయపడి వెళ్ళిపోతాడు అంది. నవ్వి నవ్వి క్లిప్పులు పడేశాను.

నవంబరు 28, శుక్రవారం

జర్మనీ పార్లమెంటు మే నెల ఓటుని శరదృతువుకి మార్చిందని రేడియోలో చెప్పారు. సేనాపతి ఏ ఊళ్ళో కూర్చోవాలన్నదాని మీద ఇంకా చర్చలు నడుస్తున్నాయట. చర్చలు సుహృద్భావంగా సాగుతున్నాయట.

అన్నయ్య వింటూ రెంచి తుడుచుకున్నాడు. వాడు ఏమీ అనకపోవడం నాకు అలవాటు లేదు.

డిసెంబరు 10, బుధవారం

పొద్దున్నే ఆకాశం నల్లగా ఉంది. ఆరెయ్యడం అవుతూనే వాన మొదలైంది, మంచు కలిసిన వాన. మేం ఆడవాళ్ళం చేతులకి అలవాటైన పని చేశాం. తియ్యడం మొదలుపెట్టాం. సార్జెంటు క్రౌక్లిస్ గొడుగు వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. ఎవరు తియ్యమన్నారు, మూడింటిదాకా ఉంచాలని ఆర్డరు, లెక్క తగ్గితే అవతలివాడికి అనుమానం రాదా అన్నాడు.

అందరం ఆగిపోయాం. జెల్మా పిన్ని నావైపు చూసింది. ఎందుకో తెలియదు.

నేను మాట్లాడాను. ఇది రాస్తుంటే కూడా నమ్మకం కలగడం లేదు. సార్, వానలో బట్టలు ఎవరూ వదిలెయ్యరు అన్నాను. మనుషులున్నచోట ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చి తీస్తారు, తియ్యలేదంటే మనుషులు లేరని తెలిసిపోతుంది, లెక్క తగ్గినా ఫరవాలేదు, తియ్యనివ్వండి అన్నాను. గొంతు పెద్దదే వచ్చింది. అంతమంది విన్నారు.

ఆయన నిజంగానే ఆలోచించాడు, అది చూశాను. తర్వాత, చూడమ్మా, నువ్వు చెప్పింది బాగానే ఉంది, కానీ ఆర్డరులో వాన సంగతి లేదు, మార్చాలంటే పైకి రాయాలి, రేపు రాస్తాను అన్నాడు.

మళ్ళీ చెప్పాను. ఇంకోసారి కూడా చెప్పాను. ఇండులిస్ వైర్‌లెస్ గది గుమ్మంలోకి వచ్చి, ఆమె చెప్పింది నిజం సార్ అన్నాడు. అన్నయ్య వచ్చాడు, వాడూ అన్నాడు. సార్జెంటు గొడుగు మార్చి పట్టుకుని, తీసినవి మళ్ళీ తగిలించి అందరూ లోపలికి పదండి అన్నాడు. వెళ్ళాం.

పదింటికి డ్రోన్ వచ్చింది. అంత వానలోనూ వచ్చింది. వంటగది కిటికీలోంచి చూశాం. రెండు వందల చొక్కాలు చేతులు వేలాడేసుకుని నీళ్ళు కారుస్తున్నాయి. రోజూ పైనుంచి ఒక చుట్టు తిరిగి పోయేది. ఇవాళ కిందికి దిగింది. తాడు వెంబడి మెల్లగా ఈ చివరినుంచి ఆ చివరిదాకా వెళ్ళింది, పేర్లు చదువుతున్నట్టు. మళ్ళీ వెనక్కి వచ్చింది. పావుగంట ఉంది.

జెల్మా పిన్ని ఏ జోకూ వెయ్యలేదు.

డిసెంబరు 11, గురువారం

వాన ఆగింది. ఆర్డరు మారిందట, వాన పడితే తియ్యొచ్చట. డ్రోన్ రాలేదు. వాడికి లెక్క తేలిపోయినట్టుంది.

డిసెంబరు 12, శుక్రవారం

ఇవాళా రాలేదు. అయినా ఆరేశాం.